రెండో ట్యాంకు కాదు, ముందు లెక్క కావాలి

మృగశిర కార్తె ముందు పని ఉండి ఒక వెల్డింగ్ షాపుకు పోయాను. అక్కడ ఒక రైతు తన 45 హార్స్‌పవర్ ట్రాక్టరు నిలబెట్టుకుని ఉన్నాడు. పాత లారీ నుంచి విప్పిన డీజిల్ ట్యాంకు ఒకటి తెచ్చాడు. దాన్ని మడ్‌గార్డు పక్కన బిగించి, అడుగున పైపు వేసి అసలు ట్యాంకుకు కలపాలని ఆయన ఆలోచన.

"ఏం అన్నా, ఉండే ట్యాంకు చాలదా?" అని అడిగాను.

"వాన పడితే పదును రెండు దినాలే. ఆ రెండు దినాలు బాడుగకు పిలిచేవాళ్లకు లెక్కుండదు. బంకు చూస్తే పదహైదు కిలోమీటర్లు. పోయినసారి పోతే స్టాకు లేదన్నారు. సగం దినం అక్కడే పోయె. పంట కాలంలో ట్రాలీ తగిలించుకుని మార్కెట్టుకు పోవాలన్నా దావలో అయిపోతుందేమోనని గుండె దడ" అన్నాడు.

ఆయన బాధ నిజం. వేరుశనగ విత్తనం ఒక్క రోజు ఆలస్యమైతే ఏమవుతుందో మెట్ట రైతుకు చెప్పక్కర్లేదు. సొంత ట్రాక్టరు లేని రెండెకరాల రైతుకు ఈ బాధ ఇంకా ఎక్కువ. బాడుగ ట్రాక్టరు డీజిల్ లేక ఆగితే అందరికంటే చివరికి పడేది ఆయన చేనే. కానీ ఆ బాధకు రెండో ట్యాంకు మందు కాదన్నది నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

లెక్క ఏం చెబుతుంది?

మన దగ్గర తిరిగే 40, 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లలో చాలావాటికి 45 నుంచి 65 లీటర్ల ట్యాంకు వస్తుంది. రొటావేటరు వంటి బరువు పనిలో గంటకు 5, 6 లీటర్లు తాగుతుందనుకున్నా, 60 లీటర్ల ట్యాంకు పది గంటలు వస్తుంది. అంటే ఒక పగలు పూర్తిగా దున్నవచ్చు. ట్రాలీ నింపుకుని 30 కిలోమీటర్ల దూరంలోని మార్కెట్టుకు పోయి రావడానికి 15 లీటర్లు పట్టినా, ఒక ట్యాంకుతో నాలుగు దఫాలు పోవచ్చు. మరి దావలో ఎందుకు ఆగుతుంది? నింపకుండా బయలుదేరినందుకే చాలాసార్లు ఆగుతుంది.

మీ బండి ఎంత తాగుతుందో మీరే తేల్చుకోవచ్చు. చదునైన చోట నిలబెట్టి ట్యాంకు నింపండి. ఒక పని చేసి, గంటలు రాసుకోండి. అదే చోటికి తెచ్చి మళ్లీ అంతవరకే నింపండి. పట్టిన లీటర్లను గంటలతో భాగిస్తే లెక్క తేలుతుంది. ఈ చిన్న పని చేసిన రైతులు నాకు తక్కువమందే కనిపించారు. లెక్క తెలియనివాడికే భయం ఎక్కువ.

బిగించుకుంటే వచ్చే చిక్కులు

మొదటిది ప్రాణానికి సంబంధించింది. పాత డీజిల్ ట్యాంకును గానీ, పీపాను గానీ కడిగామని చెప్పి వెల్డింగ్ పెట్టకూడదు. లోపల డీజిల్ కనిపించకపోయినా మూలల్లో మిగిలిన తడి వేడికి ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలితో కలిసిన చోట నిప్పురవ్వ పడితే పీపా బాంబులా పేలుతుంది. ఖాళీ పీపా నిండు పీపాకన్నా ప్రమాదం అన్నది ఇందుకే.

రెండోది, అడుగున కలిపిన పైపు. ముళ్లకంపలో, గట్లమీద తిరిగే బండి అది. ఆ పైపు తెగిందంటే ఒక ట్యాంకు కాదు, రెండూ కారిపోతాయి. గాలి పోయే దారి సరిగా పెట్టకపోతే డీజిల్ దిగదు. పైగా పంపు ఇంజనుకు పంపినదంతా కాలిపోదు. మిగిలింది ఇంకో పైపు గుండా వెనక్కు వస్తుంది. ఆ సంగతి చూసుకోకపోతే ఒక ట్యాంకు పొర్లుతుంటే ఇంకోటి ఎండిపోతుంది.

మూడోది బరువు. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగుతుంది. 200 లీటర్ల పీపా నింపితే డీజిలే 166 కిలోలు. పీపాతో కలిపి 180 దాటుతుంది. 750 కిలోలు మోసే చిన్న సరుకు బండిలో దాన్ని పెడితే నాలుగో వంతు బరువు దానికే పోయింది. టమోటా బాక్సులు ఎక్కడ పెడతారు? పికప్ బండికి వెనక ఏదైనా తగిలించి లాగేవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. వెనక కొస మీద బరువు పడితే ముందు చక్రాలు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది.

నాలుగోది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని పెట్టారు. జరిమానా సంగతి అటుంచండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట వెతికేది ఇలాంటి సందునే. అంత అవసరమనుకుంటే మీ మోడలుకు కంపెనీవాళ్లే పెద్ద ట్యాంకు ఇస్తారా అని షోరూములో అడగండి. ఇస్తారంటే కాగితం తీసుకుని బిగించుకోండి.

సరిహద్దు ఆశ

మన సరిహద్దు మండలాల్లో ఇంకో ఆశ ఉంది. పక్క రాష్ట్రంలో పన్ను తక్కువ, డీజిల్ చవక, ఒక్కసారి పీపా నింపుకుంటే లాభం కదా అని. లీటరుకు 6 రూపాయలు తేడా అనుకుందాం. 200 లీటర్లకు 1200 మిగిలింది. పోను రాను 80 కిలోమీటర్లయితే పికప్ బండికి 7 లీటర్లు పడుతుంది. లీటరు 90 అనుకుంటే 630 అక్కడే పోయింది. డ్రైవరు కూలి, ఒక దినం పని తీసేస్తే చేతిలో మిగిలేది టీ ఖర్చు. ఎటూ వేరే పనిమీద పోయే బండికైతే లాభమే. డీజిల్ కోసమే పోయేవాడికి కాదు.

నిల్వ పెట్టుకోవాలంటే

అదునులో కొంచెం దగ్గర పెట్టుకోవడం తప్పు కాదు. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి డీజిల్ ఉంచుకుంటే 2500 లీటర్ల దాకా లైసెన్సు అక్కర్లేదని పెట్రోలియం చట్టమే చెబుతోంది. అయితే 5 లీటర్లు దాటిన డబ్బా ఆమోదం పొందిన రకమై ఉండాలి. సన్నకారు రైతుకు 20 లీటర్ల క్యానులు రెండు చాలు.

క్యానును బండిలో ఉంచి నింపకండి, నేలమీద దించి నింపండి. గొంతుదాకా పోయకండి. ఎండకు డీజిల్ ఉబ్బుతుంది. పురుగుమందు డబ్బాలు, మంచినీళ్ల సీసాలు అసలు వద్దు. పిల్లలు తాగిన తర్వాత ఏడ్చి లాభం లేదు. జింకు పూత ఇనుప డబ్బా కూడా పనికిరాదు. సగం ఖాళీ పీపాలో రాత్రి చలికి నీళ్లు చేరి అడుగుకు దిగుతాయి. అందుకే నీడలో, కొంచెం వాలుగా పెట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచి, అడుగు రెండు వేళ్లు వదిలేసి, జల్లెడ గుండా పోసుకోవాలి. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కాలుష్య నిబంధనలు కఠినమయ్యాయి. వాటిలో వచ్చే ఇంజెక్టర్లు చుక్క నీటికి కూడా ఓర్చవు. వాటి రిపేరు ఒక పంట లాభాన్ని మింగుతుంది.

కారే డీజిల్ సంగతి కూడా చూడండి. సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు 4 లీటర్లు పోయినట్టే. మాటల్లో పడి ఇంజను ఊరికే నడిపితే గంటకు సుమారు ఒక లీటరు. ఇవి ఆపితే అదే మీ రెండో ట్యాంకు.

అసలు మందు ఎక్కడుంది?

రైతు ట్యాంకు మీద ట్యాంకు ఎందుకు కోరుతున్నాడు? బంకు దూరం కాబట్టి. తప్పు రైతుది కాదు. ఇండియన్ ఆయిల్ కంపెనీ 2018 మార్చిలోనే పుణెలో ఇంటి దగ్గరికి డీజిల్ తెచ్చే బండి మొదలుపెట్టింది. సెల్‌టవరుకు, ఫ్యాక్టరీకి తెచ్చిచ్చే డీజిల్, విత్తనాల వారం రోజులు రచ్చకట్ట దగ్గరికి ఎందుకు రాకూడదు? ప్రాథమిక సహకార సంఘాలకు బంకుల కేటాయింపులో అవకాశం ఇస్తామని 2023లో కేంద్రం చెప్పింది. మీ సొసైటీ మహాజన సభలో ఈ మాట ఎవరైనా అడిగారా? ఎరువుల కోసం క్యూ కట్టినప్పుడు అరుస్తాం గానీ, డీజిల్ కోసం ఊరికొక అర్జీ పెట్టిన పాపాన పోలేదు.

ఆ వెల్డింగ్ షాపు రైతు చివరికి ట్యాంకు బిగించలేదు. షాపువాడే "ఇది నేను ముట్టను" అన్నాడు. ఆయన రెండు క్యానులు కొనుక్కుని పోయాడు. పోతూ పోతూ, "అయితే బంకు ఎప్పుడు దగ్గరికొస్తుంది సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను కాదు, సొసైటీలో అడగాల్సింది. పదిమంది కలిసి అడగాల్సింది.