కథ పంపండి, పైసలు పంపకండి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కొత్తగా కలం పట్టిన పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు, తెలుగు చెప్పే సార్లకు, టీచరమ్మలకు ఈ మాట ఇవాళే చేరాలి. కవితల పోటీ అనో, కథల పోటీ అనో మీ ఫోనుకు వచ్చిన ప్రకటనలో ‘ప్రవేశ రుసుము’ అన్న ముక్క కనిపిస్తే అక్కడే ఆగండి. ‘సర్టిఫికెట్ ఖర్చులకు’, ‘మెమెంటో కొరియర్‌కు’, ‘సంకలనంలో పేజీకి ఇంత’ అని ఏ పేరు పెట్టి అడిగినా ఆగండి. బహుమతి ఇచ్చేవాళ్ల చేతి నుంచి రచయిత చేతికి డబ్బు రావాలి. రచయిత దగ్గరే వసూలు చేసి బహుమతి ఇస్తామంటే దాన్ని అమ్మకం అనాలి.

ఈ అమ్మకం ఎట్లా సాగుతుందో తెలిస్తే పోల్చుకోవడం కష్టం కాదు. ఉగాదికో, సెప్టెంబర్ 9న కాళోజీ జయంతికో, దీపావళికో ముందు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరుగుతుంది. పైన ‘జాతీయ స్థాయి’ అని పెద్ద అక్షరాలు, పక్కన ఒక మహాకవి బొమ్మ, కింద ఒక ఫోన్ నంబరు. సంస్థ చిరునామా ఉండదు. న్యాయనిర్ణేతల పేర్లు ఉండవు. అంశం మీ ఇష్టం, నిడివి ఇరవై పంక్తులు. పంపేటప్పుడు ఒక్క రూపాయి అడగరు, అందుకే నమ్మకం కుదురుతుంది. వారం తిరగకముందే ‘అభినందనలు, మీ కవిత ఎంపికైంది’ అని మెసేజ్. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు గుండె ఎట్లా కొట్టుకుంటుందో రాసేవాళ్లందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడే రెండో మెసేజ్ వస్తుంది. సంకలనంలో చోటుకు ఇంత, రెండు ప్రతులు తప్పనిసరిగా కొనాలి, బిరుదు కావాలంటే మరికొంత, సన్మాన సభకు వస్తే శాలువా, మెమెంటో, భోజనం కలిపి ఇంకొంత. రేపటిలోగా కట్టకపోతే మీ చోటు వేరేవాళ్లకు పోతుందని తొందర. కట్టినవాళ్లందరూ విజేతలే. వంద మంది కడితే వంద మందికీ బిరుదులే.

ఇంకొందరు ఇక్కడితో ఆగరు. మీకు లక్ష రూపాయల బహుమతి వచ్చింది, ముందు పన్ను కడితే చెక్కు పంపుతామంటారు. పన్ను పట్టాల్సి ఉంటే ఇచ్చేవాళ్లే బహుమతిలోంచి పట్టుకొని మిగతాది ఇస్తారు. గెలిచినవాళ్లను ముందుగా కట్టమని అడిగారంటే మోసం చేస్తున్నారనే. డబ్బు వేస్తున్నాం, ఫోన్‌లో పిన్ కొట్టండి అంటే అది నేరుగా దోపిడీ. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, మన ఖాతాలోంచి పోవడానికే పిన్ కావాలి. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఈ విద్య మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో మేరీలాండ్ కేంద్రంగా ‘ఇంటర్నేషనల్ లైబ్రరీ ఆఫ్ పోయెట్రీ’ అనే సంస్థ ఏళ్ల తరబడి ఇదే పని చేసింది. పోయెట్రీ డాట్ కామ్ అప్పట్లో దానిదే. ప్రవేశం ఉచితం. పంపినవాళ్లలో దాదాపు అందరికీ ‘మీరు సెమీఫైనలిస్టు’ అని ఉత్తరం వచ్చేది, దాని వెంబడే మీ కవిత అచ్చయ్యే లావుపాటి సంకలనం కొనుక్కోమని కోరిక. ఎంత పనికిరానిది పంపినా ఎంపిక చేస్తారా అని కొందరు రచయితలు కావాలనే అర్థం పర్థం లేని పంక్తులు అల్లి పంపి చూశారు. అవీ ఎంపికయ్యాయి. ఆ సంస్థ వ్యాపారం కవిత్వం మీద నడవలేదు, తన పేరు అచ్చులో చూసుకోవాలన్న మనిషి ఆశ మీద నడిచింది. ఇవాళ అదే ఆశ మీద మన పిల్లల దగ్గర వసూళ్లు జరుగుతున్నాయి.

మన దగ్గర ఈ వల మరీ గట్టిగా బిగుస్తుందని నా భయం. ఇక్కడ రాస్తున్న పిల్లల్లో చాలామంది ఇంట్లో మొట్టమొదట కలం పట్టినవాళ్లు. అమ్మ బీడీలు చేస్తుంది. నాయిన సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు, లేకపోతే గోదావరిఖనిలోనో బెల్లంపల్లిలోనో బొగ్గుబాయి పనితో బతికినవాడు. పత్రికకు కథ ఎట్లా పంపాలో, తిరిగొస్తే ఏం చేయాలో, ఏ పోటీని నమ్మాలో చెప్పే అన్నలు, అక్కలు ఆ ఇంట్లో ఉండరు. హైదరాబాద్ సాహిత్య సభల పరిచయాలు ఉట్నూరు హాస్టల్లో చదువుకునే పిల్లకు ఎక్కడి నుంచి వస్తాయి? ‘జాతీయ స్థాయి’ అన్న మాట చూసి ఇల్లంతా సంబరపడుతుంది, చేబదులు తెచ్చైనా కడుతుంది. పోయేది కొన్ని వందలే కదా అనేవాళ్లు వెయ్యి బీడీలు చేయడానికి ఎన్ని గంటలు వంగి కూర్చోవాలో ఒకసారి చూడాలి.

పైసలు పోవడం కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. మొదటిసారి రాసిన పది పంక్తులకు ‘కవిరత్న’ అని సర్టిఫికెట్ చేతికిస్తే ఆ పిల్ల ఆ కవితను మళ్లీ దిద్దదు. దిద్దాల్సిన అవసరమే లేదని మనం చెప్పినట్టు అవుతుంది కదా. రాత పెరిగే వయసులో రాతను ఆపేసే పని ఇది. హనుమాజీపేటలో పుట్టి 1988లో ‘విశ్వంభర’కు జ్ఞానపీఠం అందుకున్న సినారె, ఆదిలాబాద్‌లో ఉంటూ తెలుగుకూ ఉర్దూకూ వంతెన కట్టి ‘స్వరలయలు’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన సామల సదాశివ, జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్, మంథని పక్క గాజులపల్లి నుంచి వచ్చిన అల్లం రాజయ్య. ఇంతమందిని కన్న నేల మీద బిరుదులు రేటు కట్టి అమ్ముతుంటే ఊరుకోవడం తప్పు.

పోటీలే వద్దని నేను అనడం లేదు. మంచి పోటీ మనిషిని కూర్చోబెట్టి రాయిస్తుంది, గడువు పెట్టి పూర్తి చేయిస్తుంది. 1930లలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పెట్టిన నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ రెండూ బహుమతిని పంచుకున్నాయి. ఆ విశ్వనాథే 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో 1952లో పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ రెండో బహుమతి గెలిచింది. ఇంకా దగ్గరికి వద్దాం. గంభీరావుపేట మండలం భీమునిమల్లారెడ్డిపేట పెద్దింటి అశోక్‌కుమార్ ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం మీద రాసిన ‘జిగిరి’ అమెరికన్ తెలుగు అసోసియేషన్ నవలల పోటీలో గెలిచి, తర్వాత ఇతర భాషల్లోకీ వెళ్లింది. ఒకప్పుడు మన కరీంనగర్ జిల్లాలోనే ఉండి ఇప్పుడు హనుమకొండ జిల్లాలో కలిసిన ముల్కనూరును చూడండి. 1956 నుంచి సహకార సంఘానికి పేరుపడ్డ ఊరు. అక్కడి ప్రజా గ్రంథాలయం నమస్తే తెలంగాణ పత్రికతో కలిసి కథల పోటీ నిర్వహించింది, బహుమతి కథలు పత్రికలో అచ్చయ్యాయి. ఒక పల్లె గ్రంథాలయం ఈ పని చేయగలిగింది.

వీటిని చూస్తే మంచి పోటీ గుర్తులు వాటంతటవే తెలుస్తాయి. నిర్వాహకులకు పోటీతో సంబంధం లేని ఒక బతుకు ఉంటుంది: పత్రికో, విశ్వవిద్యాలయమో, గ్రంథాలయమో, ఏళ్లుగా నడుస్తున్న సంఘమో. ఫలితాలు ఎప్పుడో ముందే చెప్తారు. బహుమతులు కొన్నే ఉంటాయి, చాలామందికి రావు. అన్నిటికన్నా ముఖ్యం, గెలిచిన కథ అందరికీ చదవడానికి దొరుకుతుంది. కాబట్టి పంపేముందు ఒక పూట కేటాయించి నిరుడు గెలిచిన కథలు వెతికి చదవండి. దొరకకపోతే పంపకండి. దొరికి, అవి మీకే నాసిగా అనిపిస్తే ఆ పోటీలో గెలిచినా మీకు ఒరిగేది లేదు. నిరుటి విజేత ఎవరో తెలిస్తే ఫోన్ చేసి బహుమతి డబ్బు చేతికి అందిందా అని అడగండి. రాసేవాళ్లు రాసేవాళ్లకు ఈ మాత్రం చెప్తారు, మొహమాటం వద్దు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. నలుగురు కవులు తలా కొంత వేసుకొని పుస్తకం తేవడం మన దగ్గర పాత ఆనవాయితీ, అందులో తప్పేమీ లేదు. అది ఉమ్మడి ప్రచురణ అని చెప్పి చేస్తే చాలు. విదేశాల్లో కొన్ని నిజమైన పత్రికలు కూడా పరిశీలనకు రుసుము తీసుకుంటాయి. కానీ తెలుగులో పేరున్న పత్రికల కథల పోటీలకు రుసుము కట్టే అలవాటు లేదు. ఖర్చు పంచుకోవడాన్ని పోటీ అని, కొనుక్కున్న కాగితాన్ని గెలుపు అని చెప్పడమే మోసం.

ఇక నిబంధనల సంగతి. చిన్న అక్షరాల్లో ఉంటాయని వదిలేస్తాం, అసలు నష్టం అక్కడే ఉంటుంది. ‘పోటీకి వచ్చిన రచనలపై సర్వహక్కులు నిర్వాహకులవే’ అని ఉంటే పంపకండి. గెలవని కథ మీద కూడా వాళ్లకు హక్కు ఎందుకు? గెలిచిన కథను ఒకసారి అచ్చేసుకునే హక్కు అడగడం సబబు. సినిమా, ఆడియో, అనువాదం, పాఠ్యపుస్తకం, అన్నీ శాశ్వతంగా అంటే సబబు కాదు. 1957 కాపీరైట్ చట్టం రచయిత పక్షానే ఉంది. రచన మీద హక్కు రచయిత బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లే అని లెక్క, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. ఇది తెలిసిన పిల్లను ఎవరూ తేలిగ్గా బెదిరించలేరు.

హామీపత్రాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కథ సొంతమని, ఎక్కడా అచ్చు కాలేదని, మరెక్కడా పరిశీలనలో లేదని మీరు రాసిచ్చే మాట అది. దానికి కట్టుబడండి. అందుకే ఫలితాల తేదీ చెప్పని పోటీకి మంచి కథను తాకట్టు పెట్టకండి. ఏడాదంతా మరో చోటికి పంపలేక కూర్చోవాలి. ఆదివాసీ గూడేల్లోని యువ రచయితలకు ఇంకో జాగ్రత్త. తాత చెప్పిన గోండు కథను మీరు తెలుగులో తిరిగి చెప్తే ‘సొంత కల్పన’ అని సంతకం చేయకండి, ఎవరు చెప్పగా విన్నదో రాయండి. తరాల కథను ఒక ఫోన్ నంబరు వెనకున్న మనిషికి సర్వహక్కులతో రాసిచ్చే అధికారం మనలో ఎవరికీ లేదు.

పైసా కట్టకుండా వెళ్లగలిగిన తలుపులు చాలానే ఉన్నాయి. 35 ఏళ్లలోపు వాళ్ల పుస్తకాలకు కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది, 50 వేల రూపాయలు. 2024లో తెలుగుకు అది మన పొరుగు నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం ‘ఢావ్లో’కు వచ్చింది. నేషనల్ బుక్ ట్రస్ట్ 2021లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి యువ పథకం 30 ఏళ్లలోపు రచయితలకు నెలకు 50 వేల చొప్పున ఆరు నెలలు ఇచ్చి పుస్తకం రాయించింది, తెలుగులోనూ రాయవచ్చు. కొత్త విడత ఎప్పుడు ప్రకటిస్తారో కనిపెట్టి ఉండండి. కామన్వెల్త్ కథల పోటీకి ప్రవేశం ఉచితం. తెలుగు కథను ఇంగ్లిష్ అనువాదంలో పంపవచ్చు. అనువాదం మనవల్ల ఎక్కడవుతుందని జంకేవాళ్లు, మలయాళం నుంచి ‘స్మారకశిలలు’ తెచ్చి అకాడమీ అనువాద పురస్కారం అందుకున్న నలిమెల భాస్కర్ కరీంనగర్ మనిషేనని గుర్తుచేసుకోండి.

బడుల్లో, కాలేజీల్లో పనిచేసే తెలుగు ఉపాధ్యాయులకు నా విన్నపం గట్టిది. వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్‌ను తరగతి గ్రూపుకు పంపేముందు ఆ నంబరుకు మీరే ఫోన్ చేయండి. న్యాయనిర్ణేతలు ఎవరు, రుసుము ఏ దశలోనైనా ఉందా, గెలవని రచనల హక్కులు ఎవరివి అని అడగండి. సార్ పంపారు కాబట్టి మంచిదే అనుకొని పిల్లలు కడుతున్నారు. పిల్లల ఆధార్ కార్డు, ఫొటో, ఇంటి చిరునామా పోటీ పేరుతో అడిగితే ఇవ్వొద్దని తరగతిలోనే చెప్పండి. గెలిచాక బహుమతి వేయడానికి బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సరిపోతాయి. ఓటీపీతో ఏ నిర్వాహకుడికీ పని లేదు.

ఇప్పటికే కట్టినవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. మెసేజ్‌లు, పోస్టర్, చెల్లింపు వివరాలు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. పిన్ కొట్టించి డబ్బు లాగి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బును మధ్యలో ఆపే వీలు అంత ఉంటుంది. పంపిన కవితను వెనక్కి తీసుకుంటున్నానని రెండు వాక్యాలు రాసి అదే నంబరుకు, ఈమెయిల్ ఉంటే దానికీ పంపి ఆ కాపీ దాచుకోండి. మీరు సంతకం చేసి హక్కులు రాసివ్వకపోతే ఆ కవిత ఇంకా మీదే. మళ్లీ దిద్దండి. ఈసారి ఒక పత్రికకు పంపండి.