ముక్కలో రాజు, మనిషిలో గుణం



గడచిన మాఘమాసంలో ఒక శనివారం ఉదయం అర్చన ముగించి మంటపంలో కూర్చున్న వేళ తల్లీకూతుళ్లు ఇద్దరు వచ్చారు. కుమార్తె బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వివాహ సంబంధమొకటి దాదాపు ఖాయమైంది. జాతకాలు తెచ్చి ఉంటారనుకున్నాను. ఆ అమ్మాయి సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపింది. సింహాసనం మీద కూర్చుని ఖడ్గం ఎత్తి పట్టిన రాజు.

"అబ్బాయి స్వభావం ఎలాంటిదని టారో కార్డులు చూసే ఆవిడను అడిగితే ఈ ముక్క వచ్చింది స్వామీ. బుద్ధి పదునే గాని మనసు రాయి అన్నారు. నిజమేనంటారా?"

ఇవన్నీ వట్టివని నవ్వి పంపవచ్చు. నాకు నవ్వు రాలేదు. కారణం కొంచెం ఆగి మనవి చేస్తాను.

టారో ముక్కలు 78. పదిహేనవ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఇవి కేవలం ఆట ముక్కలు. పద్దెనిమిదవ శతాబ్దం చివర ఫ్రాన్సు దేశంలో భవిష్యత్తు చెప్పే సాధనాలయ్యాయి. నేడు విరివిగా కనిపించే బొమ్మలు 1909లో లండనులో వెలువడినవి. గీసినది పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి. ఈ 78లో 16 ముక్కలు రాజసభకు చెందినవి. రాజు, రాణి, గుర్రపు యోధుడు, పిన్నవాడైన పరిచారకుడు - ఈ నలుగురూ దండం, పాత్ర, ఖడ్గం, నాణెం అనే నాలుగు రంగులలో ఉంటారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క భూతాన్ని చెబుతారు: దండానికి అగ్ని, పాత్రకు జలం, ఖడ్గానికి వాయువు, నాణేనికి పృథివి. (ఆకాశానికి చోటు లేదు. పంచభూతాలు వల్లించేవాడిని కనుక అది నాకు వెంటనే తోచింది.) పాత్రల రాణి దయామయి, దండాల యోధుడు తొందరపాటు మనిషి, పరిచారకుడు ఇంకా నేర్చుకుంటున్నవాడు. మనుషుల నడతను పదహారు మూసలలో పోసి చూపే ప్రయత్నం ఇది.

పరదేశపు వ్యవహారమని తోసివేయడానికి మనకు అర్హత లేదు. మన నిర్మల్ చిత్రకారులు, మైసూరు చిత్రకారులు చేతితో రంగులద్దిన గంజీఫా ముక్కలున్నాయి. దశావతార గంజీఫాలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 ముక్కలు. ప్రతి రంగుకూ అవతారమూర్తియే రాజు, అతని క్రింద మంత్రి. రాణి లేదు, అది వేరే విచారం. ఆ ఆటలో నన్ను ఆకర్షించిన నియమాలు రెండు. పగలు ఆడితే రాముని ముక్క గలవాడు, రాత్రి ఆడితే కృష్ణుని ముక్క గలవాడు ఆట ఆరంభించాలి. రెండవది, సగం రంగులలో పది పెద్దది, ఒకటి చిన్నది. తక్కిన సగంలో ఒకటే పెద్దది, పది చిన్నది. ముక్క మీది అంకె మారదు. చోటును బట్టి, వేళను బట్టి దాని విలువ మారుతుంది. టారో చెప్పేవారు ఈ మాట చెప్పి ఉంటే ఆ అమ్మాయి అంత కలత చెందేది కాదు.

ఇక నా సంగతి. 1996 ప్రాంతంలో కళ్యాణదుర్గం వైపు గ్రామం నుంచి ఒక సంబంధం నా వద్దకు వచ్చింది. అమ్మాయిది పునర్వసు, దేవగణం. అబ్బాయిది కృత్తిక, రాక్షసగణం. అష్టకూటాల మొత్తం 36 గుణాలలో గణకూటానికి ఉన్నవి 6 మాత్రమే. అంతటితో ఆగి ఉంటే శాస్త్రం చెప్పినవాడినయ్యేవాడిని. "పిల్లవాడు కోపిష్ఠి, కఠినుడు" అని నా తరఫున ఒక వాక్యం చేర్చాను. అతణ్ణి నేను కంటితో చూసినవాడిని కాను. సంబంధం తప్పిపోయింది. ఆ మాట ఊళ్లోకి పాకి, మరి కొన్నేళ్లు అతనికి పిల్లనిచ్చేవారు లేకపోయారని తరువాత తెలిసింది. ఖడ్గపు రాజును చూడగానే నాకు నవ్వు రాకపోవడానికి కారణం అదే. ఆనాడు ఆ ముక్క వేసినవాడిని నేను.

2002లో వానలు ముఖం చాటేశాయి. మన సీమకు అనావృష్టి కొత్త కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే నేల, పడమటి కనుమల చాటున ఉండి నైరుతి మేఘాలను పోగొట్టుకునే నేల. కాని ఆ ఏడు వేరుశనగ విత్తనం కూడా దక్కని చేలు చూశాను. వానకోసం విరాటపర్వ పారాయణ చేయమని అదే గ్రామస్థులు పిలిస్తే వెళ్లాను. ఊరి తాగునీటి బోరు ఎండిపోయింది. జనమంతా బిందెలతో ఒక తోట దగ్గర నిలబడి ఉన్నారు. టమోటా మొక్కలు నిలువునా వాడుతుండగా, ఆ తోట యజమాని బోరు నీళ్లు బిందెలకు వదులుతున్నాడు. ఎవరని అడిగితే నేను రాక్షసగణం అన్న ఆ కృత్తికవాడే. పంట సంగతి ఏమిటని అడిగాను.

"ఏముంది సామీ, ఈ నీళ్లు ఇంకో నెల వస్తాయో రావో. తాగేదానికి ముందు ఇస్తే సరిపోతాది" అన్నాడు. నన్ను గుర్తించాడు. పాత మాట ఎత్తలేదు. సాయంత్రం పారాయణకు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

ఆనాటి ఘట్టం ఉత్తరగోగ్రహణం. ఉత్తరకుమార ప్రగల్భాలని మనం ఆ రాకుమారునికి శాశ్వతంగా ఒక ముక్క అంటగట్టాము. అంతఃపురంలో బీరాలు పలికి, కురుసైన్యం కనబడగానే రథం దూకి పరుగెత్తినవాడు. నిజమే. కాని అదే దినాన అర్జునుని రథం పగ్గాలు పట్టి భీష్మద్రోణుల ఎదుట నిలిచినవాడు కూడా ఆ ఉత్తరుడే. కురుక్షేత్రంలో మొదటిరోజునే శల్యుని ఎదుర్కొని ప్రాణమిచ్చినవాడూ అతడే. ఆ మాట ఎవరూ సామెత చేయలేదు. ఎదుట కూర్చున్న ఆ యువకుణ్ణి చూస్తూ ఆ ఘట్టం చదవడం నాకు కష్టమైంది.

గీత పద్నాలుగవ అధ్యాయంలో భగవానుడు సత్త్వరజస్తమస్సులను వివరిస్తూ, ఒకప్పుడు ఒకటి తక్కిన రెండింటినీ అణచి పైకి వస్తుందని పదవ శ్లోకంలో చెప్పాడు. ఒక మనిషికి ఒకే గుణమని చెప్పలేదు. కాయ బాగా దిగిన ఏడు తొలి బస్తా గుడికి పంపే రైతే, వడ్డీ పెరిగిన ఏడు పొరుగువాని దూడను తన తొట్టి నుంచి తరుముతాడు. ఏ రోజు ముక్క తీసి అతణ్ణి దాత అందాం, ఏ రోజు లోభి అందాం? రాజసభ ముక్క అయినా, గణకూటమైనా మనవైపు తిప్పుకుంటే ఉపయోగముంది. ఈ ఖడ్గం నాలో ఎప్పుడు లేస్తుంది, ఎవరి మీద లేస్తుంది అని అడుగుకోవచ్చు. ఎదుటివాని మీద వేస్తే అది తీర్పవుతుంది. ఆ తీర్పుకు అప్పీలు లేదు.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పలేదు. ఖడ్గపు రాజు నీకు ఎప్పుడైనా వచ్చాడా అని మాత్రం అడిగాను. కొంచెం తటపటాయించి, "ఆఫీసులో అందరూ నన్నే అలా అంటారు స్వామీ" అంది. తల్లి నవ్వింది. అబ్బాయితో రెండు మూడుసార్లు మాట్లాడమనీ, బస్సు తప్పినప్పుడు, భోజనం ఆలస్యమైనప్పుడు అతడు తన తల్లితో ఏ గొంతుతో మాట్లాడతాడో గమనించమనీ చెప్పాను. ఇరువైపులవారూ వచ్చే ఆదివారం లేపాక్షిలో కలుసుకోబోతున్నారట. జాతకాలు అప్పుడు తెస్తామన్నారు. చూస్తాను గాని, ఈసారి అబ్బాయిని కూడా వెంట తీసుకురమ్మన్నాను.