"లేదు" వేరు, "తెరవలేకపోయాం" వేరు



విజయవాడలో స్కాలర్‌షిప్ పనుల కోసం మేము కొందరం కలిసి సీ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాం. కుల, ఆదాయ సర్టిఫికెట్ల స్కాన్లు ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. లిస్టులో ఉన్న పేరుతో ఒక్కో ఫైలు తెరిచి చూసి, ఎవరివి ఉన్నాయో ఎవరివి లేవో చెబుతుంది. మా లైనక్స్ లాప్‌టాప్‌లో బాగానే నడిచింది. విండోస్ సిస్టమ్‌లో నడిపితే, నాగాయలంక వైపు నుంచి వచ్చిన యానాది తమ్ముడి పేరు ఎదురుగా "కుల సర్టిఫికెట్ లేదు" అని వచ్చింది. పాపం వాడు నమ్మేసి, బస్సెక్కి ఊరెళ్లి, సచివాలయం చుట్టూ రెండ్రోజులు తిరిగాడు. సర్టిఫికెట్ ఫోల్డర్‌లోనే ఉంది!

సంగతేంటంటే, వాడు ఫైలుకి తెలుగులో పేరు పెట్టాడు. లైనక్స్ ఆ పేరును ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకుంటుంది. విండోస్‌లో మామూలు ఎఫ్‌ఓపెన్ దాన్ని పాతకాలపు కోడ్ పేజీ ప్రకారం చదువుతుంది. తెలుగుకు అక్కడ ఆన్సీ కోడ్ పేజీయే లేదు. పేరు పిచ్చి అక్షరాలైపోతుంది, ఆ పేరుతో ఫైలు ఎక్కడ దొరుకుతుంది?

"ఇంగ్లీషులో పేరు పెట్టుకుంటే పోయేదిగా" అని ఒక అన్న అన్నాడు. మేము ఒప్పుకోం. తప్పు వాడిది కాదు, మాది. ఎఫ్‌ఓపెన్ నల్ ఇవ్వగానే "లేదు" అని రాసేశాం. నల్ అంటే ఫైలు తెరుచుకోలేదు అని మాత్రమే. ఆఫీసుల్లో మనవాళ్లకు "రికార్డు లేదు" అన్న మాట కొత్త కాదు. వెతకలేదో, దొరకలేదో, బీరువా తాళమే లేదో చెప్పరు. మేము రాసిన ప్రోగ్రామ్ కూడా అదే మాట అనేసరికి సిగ్గేసింది.

విండోస్ కోసం క్రియేట్‌ఫైల్‌డబ్ల్యూతో మళ్లీ రాశాం, తెలుగు పేర్లు పనిచేస్తున్నాయి. అక్కడా ఒక గొయ్యి ఉంది. తెరవలేకపోతే అది నల్ ఇవ్వదు, ఇన్‌వ్యాలిడ్ హ్యాండిల్ వ్యాల్యూ ఇస్తుంది, అంటే -1. అలవాటు కొద్దీ నల్ కోసం చూశామో, లేని సర్టిఫికెట్ కూడా "ఉంది" అని వస్తుంది. గడువు దాటాక గానీ తెలీదు, ఇది ఇంకా ఘోరం. కారణం కావాలంటే వెంటనే గెట్‌లాస్ట్‌ఎర్రర్ అడగాలి, మధ్యలో ఇంకో పని చేస్తే నంబరు మారిపోవచ్చు. 2 అయితే దొరకలేదు, 5 అయితే అనుమతి లేదు, 32 అయితే ఫైలు వేరే ప్రోగ్రామ్ వాడుతోంది. లైనక్స్‌లో ఇదే పనికి ఎర్‌నో ఉంది.

ఇప్పుడు మా ప్రోగ్రామ్ 2 వస్తే కూడా "లేదు" అనదు. "ఈ పేరుతో వెతికాం, దొరకలేదు" అని పేరు సహా చూపిస్తుంది. విండోస్ ఉన్నవాళ్లు తెలుగు పేర్లతో నడిపి చూసి, ఏ మెసేజ్ వచ్చిందో ఇక్కడే పెట్టండి.