ఛాయాచిత్రములు – సత్యము

వన్యమృగముల చిత్రములను, మెరుపుల చిత్రములను చూచి యాశ్చర్యపడనివారు లేరు. అయితే పెక్కురు వీనిని వినోదమునకై మాత్రమే చూచెదరు. వీని యందము వీని సత్యముపై నాధారపడియున్నదని మా యభిప్రాయము.

పరుగెత్తు గుఱ్ఱమునకు నాలుగు కాళ్లును ఒకేమారు నేలను విడుచునా యను సంశయము చిరకాలము నుండెను. చిత్రకారులు దాని ముందుకాళ్లు ముందునకును, వెనుకకాళ్లు వెనుకకును చాచినట్లు వ్రాయుచుండిరి. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోయందు మైబ్రిడ్జి యనునతడు 12 కెమేరాలను వరుసగా నిలిపి చిత్రములు తీసెను. కాళ్లు నాలుగును నేలను విడుచుట నిజమే గాని, ఆ క్షణమున నవి పొట్టక్రింద ముడుచుకొని యుండునని తేలెను. మనుష్యుని కంటికందని దానిని యంత్రము చూపెను.

ఇట్టి చిత్రములకు ఓర్పు కావలెను. వెర్మాంటు రాష్ట్రమందలి జెరికో గ్రామపు రైతు విల్సన్ బెంట్లీ 1885లో సూక్ష్మదర్శినికి కెమేరాను జతపరచి మంచురేకును చిత్రించెను. రేకు కరగకముందే పని ముగియవలెను. అయినను 1931లో మరణించులోపల నతడు 5,000కు మించి చిత్రములు తీసెను.

మన దేశమున ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అను అటవీశాఖాధికారి తుపాకికంటె కెమేరాయే మేలని యెంచి, పులి నడచు త్రోవలో తీగ కట్టెను. అది కాలికి తగిలినంతనే పులి తన చిత్రమును తానే తీసికొనెడిది. 1927లో ఆయన గ్రంథము వెలువడెను. త్రోవలందు కెమేరాలనుంచు నీ విధానముననే నేడు నల్లమల మొదలగు నడవులలో పులులను లెక్కించుచున్నారు. ఒక పులి చారలు వేరొకదానికి ఉండవు గనుక చిత్రమే దాని యానవాలు. 2018-19 గణనమున దేశమందు 26,838 తావులలో కెమేరాలు నిలిపిరి. చిత్రము కల్పితమైనచో లెక్కయు వట్టిదే గదా!

2009లో లండను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారి పోటీలో, గేటును దుముకు తోడేలు చిత్రమునకు ప్రథమబహుమానము లభించెను. ఆ తోడేలు మచ్చికచేయబడినదై యుండునని తలచి నిర్ణేతలు 2010లో బహుమానమును రద్దుచేసిరి. చిత్రము మునుపటివలెనే యుండెను; పోయినది నమ్మకము.

కల్పన దోషమా యని కొందరడుగవచ్చును. కల్పనను కల్పనయని చెప్పి చూపిన దోషము లేదు. కల్పితమును నిజమని చూపుట అబద్ధసాక్ష్యము. నేడు అడవిలో కాలుపెట్టకయే, కంప్యూటరుచేత లేని పులిని పుట్టింపవచ్చును. అట్టి బొమ్మలకు మరిగిన కన్నులు దేవుని సృష్టిలోని నిజమైన వింతను చూచినను నమ్మవు. ఇదియే గొప్ప నష్టము.

కావున, విద్యార్థులారా! వింతచిత్రము చేతికి వచ్చినప్పుడు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తీసిరని యడుగుడు. తెలియకుండ నితరులకు పంపకుడు. మీరు తీయునప్పుడు గూటిని కదల్పకుడు, తల్లిపక్షిని బెదరింపకుడు. తలిదండ్రులును ఉపాధ్యాయులును ఈ యలవాటును పిల్లలకు నేర్పుదురు గాక.