వీణ పాఠానికి చీటీల ఆట

మా అమ్మాయి సరళీ స్వరాలు వీణ మీద గడగడా వాయించేసేది. పుస్తకం ముందు పెడితే మాత్రం ఒక్క వరసా చదవలేక, "ఇంక క్లాసుకి వెళ్ళనమ్మా" అని ఒకటే ఏడుపు.

టీచరుగారిని అడిగి, పాత శుభలేఖలు కత్తిరించి స్వరాల చీటీలు చేశాను. స్వరం పైన చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రం, లేకపోతే మధ్యస్థాయి. 'స' ఒక అక్షరకాలం, 'సా' రెండు. చీటీ తీసి, నేను అయిదు లెక్కపెట్టేలోగా 24 మెట్లలో సరైన మెట్టు, సరైన తీగ చూసి మీటితే గెలుపు తనది. అది వచ్చాక నాలుగేసి చీటీలు వరసగా పేర్చి, తాళంతో వాయించాలి. ఓడినవాళ్ళు గిన్నెలు సర్దాలి!

రోజూ పావుగంట చాలు. నెల తిరిగేసరికి కొత్త గీతం పుస్తకం చూసి తనే వాయించుకుంది. గిన్నెలు మాత్రం ఇప్పుడు రోజూ నా వంతే!