ఈసారి వనభోజనాలు పశువుల కొట్టం దగ్గర



కార్తీక వనభోజనాలకు ఎక్కడికి వెళ్దామని నాలుగు రోజులుగా మాట నడుస్తోంది. జలపాతం, గుడి, డ్యాము అంటున్నారు. అన్నీ మనం చూసినవే. ఈసారి డొరగుడ నుంచి పిల్లాపాపలతో ఒక పాడి క్షేత్రానికి వెళ్దామని మా మాట.

సునాబెడలో కేంద్ర ప్రభుత్వ పశు ప్రజనన క్షేత్రం ఉంది. దేశంలో ఇలాంటివి 7 ఉంటే 2 మన ఒడిశాలోనే ఉన్నాయి, రెండోది చిప్లిమలో. సునాబెడలో ఉన్నవి జెర్సీ ఆవులు. మేలుజాతి కోడెలను పెంచి ఇవ్వడం అక్కడి ముఖ్యమైన పని. ముందుగా ఉత్తరం రాసి అనుమతి అడగాలి. దాంతోపాటు దారిలో రెండు మూడు ఆవులున్న రైతు ఇంటికీ వెళ్దాం.

ఎందుకంటారా? పిల్లలకు తెలుగు రావడం లేదని ప్రతి సమావేశంలో బాధపడతాం. మేమూ తమిళ మీడియంలో చదివినవాళ్లమే. మాకు తెలుగు పలక మీద రాలేదు, పెరట్లో వచ్చింది. పొదుగు, పలుపు, కుడితి, చూడి, జున్నుపాలు ఇవన్నీ బడి నేర్పిన మాటలు కావు. ఆవు చేపడం అంటే ఏమిటో వందసార్లు చెప్పినా పిల్లలకు ఎక్కదు. దూడ రెండు గుక్కలు తాగగానే పొదుగులోకి పాలు దిగడం ఒక్కసారి చూస్తే మరిచిపోరు. పెద్ద క్షేత్రాల్లో దూడలను వేరుగా పెంచడం మామూలు, అందుకే రైతు ఇల్లు కూడా అంటున్నాం.

పిల్లలు ప్రశ్నలు వేస్తారు. ఆవు ఈనితేనే పాలు, సుమారు 280 రోజులు మోస్తేనే ఈనడం. మరి మగదూడ ఏమవుతుంది అని అడుగుతారు. ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు పని తగ్గిందని, చాలామంది రైతులకు అది మోయలేని ఖర్చు అయిందని ఉన్నదున్నట్టు చెప్పాలి. మాట దాటేయకూడదు.

ఇంకొకటి. మన చుట్టూ ఉన్న కొండల్లో కోంధులు సంప్రదాయంగా ఆవుపాలు పితకరు. ఆ పాలు దూడవి, పశువు ఉన్నది దుక్కికి అన్నది వారి పద్ధతి. దాన్ని వెనుకబాటుతనం అనడం మనలో కొందరికి అలవాటు. ఆ మాట మానాలి. మనం పాలు తాగడం మానక్కర్లేదు. తాగే పాలు ఎవరి వాటా నుంచి వస్తున్నాయో పిల్లలకు తెలిస్తే చాలు.

వెళ్తే పద్ధతిగా వెళ్దాం. పది గంటలకు చేరితే ఆవులు నెమరు వేస్తూ కూర్చుని ఉంటాయి. మనం సాయంత్రం పాలు పితికే వేళకు చేరాలి. గాలికుంటు వ్యాధి మన చెప్పులతో కూడా పాకుతుంది కాబట్టి కాళ్లు కడిగించుకున్నాకే కొట్టంలోకి వెళ్లాలి. పచ్చిపాలు ఎవరూ తాగవద్దు. ఆవు చుట్టూ మూగి ఫొటోలు తీస్తే అది బెదిరి పాలు ఎగబడుతుంది, రైతు ఆ పూట నష్టపోతాడు. అతని సమయానికి సంఘం నిధి నుంచి డబ్బు ఇవ్వాలి.

వాసన వస్తుందని కొందరు అంటారు. వస్తుంది. ఆ పేడతోనే మన అమ్మలు వాకిలి అలికారు.

సమ్మతమైనవారు ఆదివారంలోపు కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వండి. అనుమతి ఉత్తరం మేము రాస్తాం.