ఒకే తారీఖు, రెండు మంటలు

జులై 17 అంటే కారంచేడు, 1985. ఆగస్టు 6 అంటే చుండూరు, 1991. ఈ తారీఖులు మన పేటల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మరి డిసెంబరు 25?

క్రిస్మస్సు అంటారు ఎవర్నడిగినా. నిజమే. సార్వా మాసూళ్ళయి, దాళ్వా ఆకుమడులు పోసే రోజులు. అప్పోసప్పో చేసి పిల్లలకు కొత్తబట్టలు కుట్టిస్తాం. నరసాపురం నుంచి రాజమండ్రి దాకా పేటపేటలో స్టార్లు వెలుగుతాయి. సత్రంలో చోటు దొరక్క పశువుల పాకలో పుట్టిన బిడ్డ కథ మనకు ఇంకొకరు విడమర్చి చెప్పాలా? ఊరి బయట పుట్టినవాళ్ళం మనం.

అదే తారీఖున జరిగినవి ఇంకా రెండున్నాయి. గోడ మీది క్యాలెండర్లో అవి కనపడవు. మాలవ్యా, వాజపేయి పుట్టింది ఆ రోజేనని చెబుతారు. 2014 నుంచి ప్రభుత్వం దాన్ని సుపరిపాలన దినమంటోంది. మనవి మాత్రం మనమే రాసుకోవాలి.

ఒకటి, 1927. ఇప్పటి మహారాష్ట్రలోని మహద్. ఆ ఏడు మార్చి 20న అంబేడ్కర్ వెంట మనవాళ్ళు వెళ్ళి చౌదార్ చెరువు నీళ్ళు తాగారు. తాగినందుకు దెబ్బలు తిన్నారు. డిసెంబరులో మళ్ళీ కూడారు. సభకు చోటిచ్చింది ఫత్తేఖాన్ అనే ముస్లిం. మనుస్మృతిని కాల్చాలన్న తీర్మానం పెట్టింది సహస్రబుద్ధే అనే బ్రాహ్మణుడు. 25 రాత్రి గుంట తవ్వి అందులో దాన్ని కాల్చారు.

రెండోది, 1968. తమిళనాడు, కీలవెన్మణి. అది కావేరీ డెల్టా. అక్కడ కొళ్ళిడం మీద ఆనకట్టలు కట్టించిన కాటన్ దొరే తర్వాత మన ధవళేశ్వరం ఆనకట్టా కట్టించాడు. అక్కడా ఇక్కడా నీళ్ళొచ్చాయి, వరి పండింది, చేను మాత్రం ఆసామిదే. అక్కడి దళిత కూలీలు సంఘం పెట్టి, ధాన్యం కూలి కాస్త పెంచమన్నారు. ఆ రాత్రి భూస్వాముల మూక పేట మీద పడింది. ప్రాణభయంతో ఒక గుడిసెలో దూరినవాళ్ళను అందులోనే తగలబెట్టారు. 44 మంది. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు.

కింది కోర్టు శిక్ష వేసింది. మద్రాసు హైకోర్టు కొట్టేసింది. అంతటి ఆస్తిపరులు, అందులో కారున్న ఆసామి, తామే నడిచొచ్చి గుడిసెలు కాలుస్తారా అని సందేహపడింది! కారు లేని మన మాట ఎవరు నమ్ముతారు?

మనం కాల్చింది పుస్తకం. వాళ్ళు కాల్చింది మనుషుల్ని. పుస్తకం కాల్చినందుకు మనల్ని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు. మనుషుల్ని కాల్చినవాళ్ళను అడిగేవాళ్ళేరీ?

పండగపూట చావుల గొడవెందుకని కొందరు పెద్దలంటారు. అయ్యా, ఆ బిడ్డ పుట్టినప్పుడు హేరోదు పసిపిల్లల్ని చంపించాడని మీరే కదా చదివి వినిపిస్తారు! ఆ నోటితోనే ఈ 44 మంది సంగతీ చెప్పండి. చర్చికెళ్ళేవాళ్ళూ వెళ్ళనివాళ్ళూ ఆ రాత్రి ఒక్కచోట కూర్చోండి. ఒక పిల్ల చేత మహద్ కథ చెప్పించండి.

ఇంకో పని. మీ ఊరి చెరువులో మనవాళ్ళు మొదట కడవ ముంచిన రోజు, కూలి పెంచుకున్న రోజు, దెబ్బలు తిన్న రోజు ముసలోళ్ళనడిగి క్యాలెండర్లో రాయండి. మాకూ ఒక కార్డు ముక్క రాయండి. మన తారీఖులు మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

జై భీమ్!